ఆకుపచ్చ సిరాతో పాట

మా సంస్థ పేరు ఒక్క గుక్కలో చెప్పగలిగినవాళ్లకే అందులో ఉద్యోగం ఇస్తారని బయట ఒక మాట ఉంది. అది అబద్ధం. నేను ఇప్పటికీ రెండు గుక్కల్లోనే చెబుతాను: రాష్ట్ర జానపద ధ్వని సంపద సేకరణ, సంరక్షణ, పరివ్యాప్తి సంస్థ. ఇందులో సేకరణ నేను అక్షరాలు దిద్దుకునే రోజులకే అయిపోయింది. ఎవరో పుణ్యాత్ములు జీపు వేసుకుని ఊరూరా తిరిగి దంపుళ్ల పాటలు, పడవ పాటలు, జోలపాటలు, జముకుల కథలు పదకొండు వేల నాలుగు వందల టేపులకి ఎక్కించారు. సంరక్షణ అంటే ఆ టేపులున్న గదికి తాళం వెయ్యడం. ఆ పని ముప్ఫై ఏళ్లుగా ఒక్కరోజు కూడా ఆగలేదు. మిగిలింది పరివ్యాప్తి. దానికి నన్ను తీసుకున్నారు.

నా పేరు భానోజీరావు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ని. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా మార్చి ముప్ఫై ఒకటిన పోతాను, డైరెక్టరు గారి దయ ఉంటే ఏప్రిల్లో ఎప్పుడో మళ్లీ పుడతాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నేను కొన్నిచోట్ల నోరు మూసుకుని కూర్చుంటాను, అప్పుడు మీరు ఆశ్చర్యపోకూడదు.

పోయిన ఏడాది పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. "సంస్థ వద్దనున్న సమస్త ధ్వని సంపదను ప్రజలందరును ఇంటర్నెట్ ద్వారా ఉచితముగా డౌన్‌లోడ్ చేసుకొను వీలు కల్పించవలెను. సదరు సంపదకు ఎట్టి పరిస్థితులలోను రక్షణ లోపించరాదు." మొదటి వాక్యం రాసినాయనా, రెండో వాక్యం రాసినాయనా ఒకరి మొహం ఒకరు చూసి ఉండరని నా అనుమానం.

డైరెక్టరు పురుషోత్తం గారు నన్ను పిలిచి ఆ కాగితం చేతిలో పెట్టారు. "చూడు భానోజీ, అందరికీ అందాలి. ఎవరికీ చిక్కకూడదు. ఆ సమతుల్యత మనం సాధించాలి" అన్నారు. పురుషోత్తం గారు చెడ్డమనిషి కాదు. పాటలంటే గౌరవం ఉంది. ఎంత గౌరవం అంటే, మూడేళ్లలో ఒక్కటి కూడా విని దాన్ని ఇబ్బంది పెట్టలేదు.

పని ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. టేపులన్నీ అంతకుముందే కంప్యూటర్లోకి ఎక్కి ఉన్నాయి. వెబ్ సర్వర్లో వాటినో ఫోల్డర్లో పెట్టి తాళం వేశాను. పేరు నమోదు చేసుకున్నవాళ్లకి ఒక పాస్‌వర్డూ, ఒక్కరోజు పనిచేసే లింకూ వెళ్లేలా పన్నెండు లైన్లు రాశాను. సర్వర్‌కి ఒక గొప్ప గుణం ఉంది. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చెయ్యదు, నాకెందుకు చెప్పారని అడగదు. అందుకే దానికి ఎప్పటికీ ప్రమోషన్ రాదు.

మర్నాడు పొద్దున ఫైలు సూపరింటెండెంట్ లీలావతి గారి బల్ల మీదకి వెళ్లింది. ఆవిడది ముప్ఫై మూడేళ్ల సర్వీసు. రూళ్ల పుస్తకం ఎవరికైనా కావాలంటే అల్మైరా తెరవరు, ఆవిణ్ణి అడుగుతారు. "అది కాదండీ" అన్న రెండు ముక్కలతో ముగ్గురు డైరెక్టర్లని వచ్చిన దారినే పంపించారని ప్రతీతి.

"అది కాదండీ" అన్నారు లీలావతి గారు, డైరెక్టరు గారి గదిలో నిలబడి. "పాస్‌వర్డ్ అనేది తాళంచెవి. తాళంచెవి మామూలుగా పంపిస్తే ఎలా? రేపు నాకు అందలేదంటారు. అందినట్టు మన దగ్గర సంతకం ఉండాలి."

అందువల్ల పాస్‌వర్డ్ రిజిస్టర్డ్ పోస్టులో, రసీదు కార్డుతో సహా వెళ్లడం మొదలైంది. పోస్టు చేరడానికి అయిదు రోజులు. లింకు బతికేది ఒక్కరోజు. పార్వతీపురంలో ఒక తెలుగు మాస్టారు నాలుగుసార్లు దరఖాస్తు పెట్టి నాలుగు పాస్‌వర్డులు జాగ్రత్త చేసుకున్నారు. ఒక్క పాట రాలేదు. లింకు గడువు దాటితే సర్వర్ "403" అని ఒక అంకె చూపిస్తుంది, అనుమతి లేదని దాని భాష. డైరెక్టరు గారు అది మర్యాదగా లేదన్నారు. ఇప్పుడు ఆ చోట "మీ అభ్యర్థన కూలంకషముగా పరిశీలించి తిరస్కరించడమైనది. ఇట్లు, తమ విధేయ సర్వర్" అని వస్తుంది. మాస్టారు ఆ పేజీ కూడా ప్రింటు తీసి దాచుకున్నారట.

వారం తిరక్కుండా రెండో "అది కాదండీ" వచ్చింది.

"బయటికి వెళ్లేది అసలా, నకలా?" అని అడిగారు లీలావతి గారు.

"నకలే మేడమ్. అసలు సర్వర్లోనే ఉంటుంది" అన్నాను.

"నకలైతే గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి కదా? అటెస్టేషన్ లేని నకలు ఆఫీసు గడప దాటి వెళ్లిన దాఖలా ఈ సంస్థలో లేదు."

ఆ మాటలో తప్పేముందో చెప్పగలిగినవాళ్లు అక్కడ ఎవరూ లేరు. పురుషోత్తం గారు నెమ్మదిగా కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్లొచ్చారు. సంస్థ మొత్తం మీద గెజిటెడ్ అధికారి ఆయనొక్కరే.

"కాగితమైతే సంతకం పెడతాం. ధ్వనికి ధ్వనితోనే పెట్టాలి" అని ప్రకటించారు.

ఆ మధ్యాహ్నమే మైకు తెప్పించాం. ఆయన గొంతు సవరించుకుని గంభీరంగా చదివారు: "అసలుతో సరిచూడడమైనది. నకలు యథాతథము. సంతకం, పురుషోత్తం, సంచాలకులు." ఆఫీసు ముద్ర లేకుండా సంతకం చెల్లదు గనక రబ్బరు స్టాంపు తీసి మైకు పక్కన బల్ల మీద ఠప్పుమని కొట్టారు. అంతా అయ్యాక ఆయనకి ఒక సందేహం పట్టుకుంది. గెజిటెడ్ సంతకం ఆకుపచ్చ సిరాతో ఉండాలి. వినేవాడికి ఆ రంగు ఎలా తెలుస్తుంది? మూడుసార్లు మార్చి చదివాక చివరికి "ఆకుపచ్చ సిరాతో సంతకం" అని ఖరారైంది.

దాన్ని ప్రతి పాటకీ ముందు తగిలించాను. సరిపోలేదు. ముందు తగిలిస్తే ఎవడైనా కత్తిరించి ఇంకో పాటకి అతికించుకుంటాడని లీలావతి గారి భయం. "ఫొటో మీద సంతకం ఎలా పెడతారండీ? సగం ఫొటో మీద, సగం కాగితం మీద. ఇదీ అంతే." కాబట్టి డైరెక్టరు గారి గొంతు సగం పాటకి ముందు, సగం పాట మీద పడేలా జరిపాను. దస్తావేజులో ప్రతి పేజీకీ పొట్టి సంతకం ఉండాలి కదా, పాటలో నిమిషమే పేజీ అని తేల్చారు. నిమిషానికోసారి ఆయన "పు" అనేవారు.

ఇక్కడిదాకా నాకు సరదాగానే ఉందని ఒప్పుకోవాలి. ఇంటికెళ్లి మా ఆవిడకి రోజూ కథలుకథలుగా చెప్పి నవ్వించేవాణ్ణి. సన్యాసమ్మ వచ్చిన రోజు నుంచి చెప్పడం మానేశాను.

ఆవిడ శ్రీకాకుళం జిల్లాలో ఏటి ఒడ్డు పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. నలభై దాటిన మనిషి. భుజాన గుడ్డసంచీ, దాంట్లో జముకు. జముకంటే చంకలో పెట్టుకుని తీగ మీటే వాయిద్యం. దాన్ని వాయిస్తూ అమ్మవారి కథ చెప్పడం ఆవిడ ఇంటివాళ్ల వంతు. ఊళ్లో నెట్ సెంటర్లో మూడుసార్లు దరఖాస్తు పెట్టించిందిట. మూడుసార్లూ విధేయ సర్వర్ తిరస్కరించాడు. అందుకని మనిషే వచ్చింది.

"మాయయ్య పేరు అప్పన్న, బాబూ. మీ జీపోల్లొచ్చి మాయయ్య కత పట్టుకెల్లారు. నాకప్పుడు ఏడేల్లు. అందులో మూడోరోజు కత నాకు గావాల" అంది.

"మిగతావి వద్దా?"

"అవి నాకొచ్చు. మూడోదే నేదు."

విషయం ఇది. వాళ్ల ఊరి సంబరం మూడు రోజులు. మొదటిరోజు అమ్మవారి పుట్టుక చెబుతారు. రెండోరోజు పెళ్లి, అత్తవారింట పడ్డ కష్టాలు. మూడోరోజు అమ్మవారు అక్కణ్ణుంచి బయల్దేరి పుట్టిన ఊరికి తిరిగొచ్చి పొలిమేరలో నిలబడుతుంది. ఈ మూడో కథ శిష్యులకి నలభై ఏళ్లు నిండితేగాని నేర్పకూడదని వాళ్ల ఇంటి కట్టుబాటు. కడుపులో కష్టం ఉన్నవాళ్లే అది చెప్పాలిట. సన్యాసమ్మకి ముప్ఫై ఎనిమిదో ఏట తండ్రి అప్పన్న పోయాడు.

"జీపోల్ల మిసను వయసు అడగనేదు గానీ, కూతురి వయసు అడిగాడు మాయయ్య" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపేసింది. "నాలుగేల్లయి మూడోరోజు మొదటిరోజు కతే అటూ ఇటూ తిప్పి సెప్తన్నాను. జనానికి తెల్దేటి? ముసిలోల్లు అడుగుతున్నారు, అమ్మోరిని అత్తోరింట్లో ఒగ్గేసొచ్చావేటే అని. ఈ ఏడు మూడోరోజు కత సెప్పకపోతే మా వంతు తీసేసి డీజే ఎడతామన్నారు కమిటీవోల్లు. ఇంక ఇరవైమూడు రోజులుంది, బాబూ."

ఆ ఫైలు నా ముందున్న కంప్యూటర్లోనే ఉంది. యాభైరెండు నిమిషాలు. రెండు నొక్కులు నొక్కితే ఆవిడ ఫోన్లోకి వెళ్లిపోయేది. నేను నొక్కలేదు. సర్వర్ ప్రతి డౌన్‌లోడూ రాసిపెట్టుకుంటుంది, ఆ రాత రోజూ లీలావతి గారి బల్ల మీదకి వెళ్తుంది, అది మార్చి నెల. నాకు ధైర్యం లేదు. ఇంతకన్నా అందంగా చెప్పడానికి ఏమీ లేదు. దరఖాస్తు ఫారం తీసి నేనే నింపి, ఆవిడ చేత వేలిముద్ర వేయించాను.

సంస్థకి స్వయంగా వచ్చిన మొదటి అర్జీదారు కావడంతో డైరెక్టరు గారు చాలా సంతోషించారు. "ఈ నకలు మనకి మచ్చుతునక కావాలి. సమగ్రంగా చేద్దాం" అన్నారు. ఆ సమగ్రం అన్న మాట వినగానే నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను.

సమగ్రంలో మొదటి మెట్టు సరిచూడడం. ఆఫీసుల్లో నకలు సరిచూసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. ఒకరు అసలు పైకి చదువుతారు, ఇంకొకరు నకలు చూస్తూ టిక్కులు పెడతారు. కళ్లతో చూసుకుని సరే అనడానికి వీల్లేదు, పైకి చదవాల్సిందే. కాబట్టి లీలావతి గారు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని అప్పన్న గొంతు వింటూ పైకి చెప్పడం, నేను ఇంకో హెడ్‌ఫోన్లలో నకలు వింటూ టిక్కు పెట్టడం అని నిర్ణయమైంది.

మొదటిరోజు ఆవిడ టెండరు నోటీసు చదివినట్టు చదివారు. "పల్లవి. పొలిమేర దాటొచ్చి నిలుసున్నదే తల్లి. పుట్టినూరి గాలి తగిలి నవ్వినాదే తల్లి. తరువాత రెండుసార్లు ఆహా." నేను టిక్కు పెట్టాను.

ఆ దారిన పోతూ డైరెక్టరు గారు ఆగిపోయారు. "మాటలు సరిపోయాయి. రాగం సరిపోయిందని ఎలా ధ్రువీకరిస్తాను? రాగం మారితే నా సంతకం ఏం కావాలి?"

లీలావతి గారు మొదటిసారి "అది కాదండీ" అనలేకపోయారు. తలుపు దగ్గరగా వేసి, నన్ను గోడవైపు తిరిగి కూర్చోమని, సన్నగా ఎత్తుకున్నారు. గొంతు వణికింది. రెండో చరణానికి వణుకు తగ్గింది. పదో నిమిషానికి పక్క సెక్షన్‌వాళ్లు పని ఆపి మా తలుపు దగ్గర నిలబడ్డారు. నేను టిక్కు పెట్టడం మర్చిపోయాను.

"మీరు సంగీతం నేర్చుకున్నారా మేడమ్?" అని అడిగాను తర్వాత.

"నేర్చుకుంటానన్నాను. టైపు నేర్చుకోమన్నారు" అన్నారావిడ, హెడ్‌ఫోన్ల తీగ జాగ్రత్తగా చుట్టి పెడుతూ.

తర్వాత అభ్యంతరాలు ఒకటొకటిగా పుట్టుకొచ్చాయి. అప్పన్న ఒకచోట దగ్గాడు. అది కొట్టివేతా, దిద్దుబాటా? దిద్దుబాటైతే పక్కన పొట్టి సంతకం ఉండాలి. దగ్గు పక్కన "పు" చేర్చాం. ఒక చరణం రెండుసార్లు పాడాడు. "పునరుక్తి గమనించడమైనది" అని చేర్చాం. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఖాళీలతో వచ్చింది. కథలో అక్కడక్కడా జముకు ఆగిపోతుంది, గొంతు ఆగిపోతుంది. దస్తావేజులో ఖాళీ వదిలితే ఎవరైనా ఏదైనా రాసేసుకుంటారని గీత కొట్టేస్తాం కదా. పాటలో ఖాళీ వదిలితే ఎవరైనా ఏదైనా పాడేసుకోవచ్చు. కాబట్టి నిశ్శబ్దం ఉన్న ప్రతిచోటా డైరెక్టరు గారు "ఈ ఖాళీ కొట్టివేయడమైనది" అని చదివారు.

నకలు మారిన ప్రతిసారీ మళ్లీ మొదట్నుంచి సరిచూడాలి. యాభైరెండు నిమిషాల కథ లీలావతి గారు తొమ్మిదిసార్లు పాడారు. ఆరోసారి నుంచి హెడ్‌ఫోన్లు చెవులకి కాక మెడలో ఉండేవి. ఆ సంగతి నేను రిజిస్టర్లో రాయలేదు.

ఇరవైమూడు రోజుల్లో పద్నాలుగు ఇందులో పోయాయి. సన్యాసమ్మ మళ్లీ రెండు బస్సులు మారి వచ్చింది. డైరెక్టరు గారు స్వయంగా ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, "ఇది చారిత్రక ఘట్టమమ్మా. సంస్థ నుంచి బయటికి వెళ్తున్న మొట్టమొదటి సంపూర్ణ రక్షిత నకలు" అన్నారు. సర్వర్లో నేను ఆవిడ పేరు మీద లింకు తెరిచాను. ఆవిడ ఫోన్లోకి ఫైలు దిగింది. అక్కడే వినమన్నారు, అందినట్టు సంతకం కావాలి గనక.

ఫోన్లోంచి ముందు డైరెక్టరు గారి గొంతు, వెంటనే అప్పన్న గొంతు వచ్చాయి. "అసలుతో సరిచూడడమైనది..." "పొలిమేర దా—" "నకలు యథాతథము. ఆకుపచ్చ సిరాతో..." ఠప్పు. "—సున్నదే త—" "పు." సన్యాసమ్మ ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది. ఇంకో చెవి చేత్తో మూసుకుంది. కళ్లు కూడా మూసుకుంది. వాళ్లయ్య గొంతు నాలుగేళ్ల తర్వాత వింటోంది. ప్రతి "పు"కీ ఆవిడ భుజాలు ఉలిక్కిపడుతున్నాయి. డైరెక్టరు గారు మాత్రం తన గొంతు వినబడినచోటల్లా తృప్తిగా తల ఊపుతున్నారు. కాసేపటికి ఆయనకి పైనుంచి ఫోను వచ్చింది, గదిలోకి వెళ్లిపోయారు.

ముప్ఫై ఒకటో నిమిషం దగ్గర "ఈ ఖాళీ కొట్టివేయడమైనది" అని వచ్చింది. సన్యాసమ్మ ఫోను ఒళ్లో పెట్టేసింది.

"అక్కడ మాయయ్య ఆగుతాడు" అంది. "అమ్మోరు పొలిమేరకాడికొచ్చి ఎనక్కి తిరిగి సూస్తాది. ఎల్లిపోదామా, ఉండిపోదామా అని. జముకు ఆపేసి ఊరుకుంటాడు. ఆ ఊరుకున్నకాడే జనం ఏడుస్తారు. నా సిన్నప్పుడు నానూ ఏడ్సేదాన్ని. మాటలొద్దులే బాబూ, ఆ ఊరుకున్నదైనా ఒగ్గేయాల్సింది."

నేను తల దించుకుని ఫారంలో "అందినది" అన్న గడి వైపు చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. పన్నెండు లైన్లతో మొదలైన నా పని అప్పటికి నాలుగు వందల లైన్లయింది. వాటిలో ఒక్కటి కూడా తప్పు లేదు.

"పదకొండు" అన్నారు లీలావతి గారు తన బల్ల దగ్గర్నుంచి.

ఇద్దరం అటు తిరిగాం.

"పదకొండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగుతాడు మీ నాన్న. తొమ్మిదిసార్లు లెక్కపెట్టాను. ఇదిగో అమ్మా, నీకు చదువొచ్చా?"

"నేదమ్మా. ఏలిముద్రే."

లీలావతి గారు లేచి, చీర కుచ్చెళ్లు సర్దుకుని, కుర్చీ తెచ్చి సన్యాసమ్మకి ఎదురుగా వేసుకున్నారు. "అయితే రూలుంది. చదువు రానివాళ్లకి రికార్డు పైకి చదివి వినిపించాలి. వినిపించినట్టు కింద రాసి వేలిముద్ర తీసుకోవాలి. ఎన్నిసార్లు వినిపించాలో రూల్లో లేదు. అర్థమయ్యేదాకా అని ఉంది. భానోజీ, ఆ తలుపు తెరిచే ఉంచు. ఇది దొంగపని కాదు."

ఏ కాగితమూ చేతిలో లేకుండా, ఏ హెడ్‌ఫోన్లూ లేకుండా ఆవిడ ఎత్తుకున్నారు. సన్యాసమ్మ మొదట తెల్లబోయి చూసింది. మూడో చరణానికి సంచీలోంచి జముకు తీసింది. "అక్కడ అలగ కాదమ్మా, తీగ ముందు మోగాల, మాట ఎనకాల రావాల" అని అందుకుంది. అలా ఆరు రోజులు, మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా, అర్జీదారుకి రికార్డు చదివి వినిపించడం జరిగింది. సన్యాసమ్మ పట్నంలోనే చుట్టాలింట ఉండి రోజూ వచ్చేది. రిజిస్టర్లో ఆరు వేలిముద్రలు ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.

డైరెక్టరు గారు ఆ ఆరు రోజులూ రాజధానిలో ఉన్నారు. అక్కడ ఆయన వార్షిక నివేదిక చదివారు. డౌన్‌లోడ్లు ఒకటి, దుర్వినియోగం సున్నా, సంరక్షణ నూటికి నూరు శాతం. చప్పట్లు కొట్టారని విన్నాను.

సంబరం మూడోరోజుకి నేను వెళ్లాను. లీలావతి గారు కూడా వచ్చారు, క్యాజువల్ లీవు పెట్టి. పొద్దు వాలుతుండగా కథ మొదలైంది. గుడి పక్కన డీజేవాళ్లు పెట్టెలు దింపి సిద్ధంగా ఉన్నారు, కథ ఆగితే ఎక్కేద్దామని. సన్యాసమ్మ పొలిమేర దాకా అమ్మవారిని నడిపించుకొచ్చింది. జముకు ఆపేసింది. ఊరుకుంది. లీలావతి గారి పెదాలు ఒకటి, రెండు, మూడు అని కదులుతున్నాయి. ఎనిమిది దగ్గర నా పక్కనున్న ముసలాయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ ఏడ్చాను. డీజే పెట్టె మీద కూర్చున్న మనిషి కూడా కిందికి దిగి నిలబడ్డాడు. పదకొండుకి తీగ మోగింది. అమ్మవారు ఊళ్లోకి వచ్చేసింది.

కథ అయ్యాక సన్యాసమ్మ మైకు అందుకుని, "ఇది మాయయ్య కత. నాకు పట్నంలో ఆపీసులో లీలావతమ్మగారు అప్పజెప్పారు. ఆ తల్లి సల్లగుండాల" అంది. జనంలో నలభై ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. సోమవారానికి ఆ వీడియో అరవై వేలమంది చూశారు. దానికి పాస్‌వర్డ్ లేదు.

డైరెక్టరు గారూ చూశారు. మంగళవారం లీలావతి గారికి మెమో వచ్చింది. "సంస్థకు చెందిన ధ్వని సంపద యొక్క అనధికార ప్రతి యొకటి తమ జ్ఞాపకమునందు నిల్వయున్నట్లు దృష్టికి వచ్చినది. సదరు ప్రతిని ఏడు దినములలో సంస్థకు స్వాధీనపరచి, తమ వద్దనుండి పూర్తిగా తొలగించినట్లు ధ్రువపత్రము సమర్పించవలెను."

లీలావతి గారు జవాబు స్వయంగా టైపు చేశారు. "మొదటి అంశమునకు సిద్ధముగా నున్నాను. రెండవ అంశము సాధ్యపడుట లేదు. ఉదయము వంట చేయుచుండగా గూడ వచ్చుచున్నది. ఇక స్వాధీనపరచుట గురించి: గెజిటెడ్ రికార్డును గెజిటెడ్ అధికారియే స్వయముగా స్వీకరించవలెనని నిబంధన. కావున తమరు వీలైన వేళ తెలియజేసినచో, తమకు అప్పగించెదను. స్వీకరించిన ప్రతిని అసలుతో సరిచూచుటకు అసలు తెలిసిన వ్యక్తి ఉండవలెను గనుక శ్రీమతి సన్యాసమ్మను పిలిపించగోరెదను."

పురుషోత్తం గారు ఆ జవాబు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి చదివారు. రూళ్ల పుస్తకం తెప్పించుకున్నారు. అన్నీ అందులో ఉన్నాయి. రెండు రోజులు ఆలోచించి, మూడోరోజు కోటు తీసి కుర్చీకి తగిలించి, స్వీకరణకి కూర్చున్నారు.

మొదట్లో ఆయన మొహం చూస్తే జాలేసేది. లీలావతి గారు ఒక చరణం పాడతారు, ఆయన అప్పజెబుతారు, తప్పితే మళ్లీ పాడతారు. "నిలుసున్నదే" అనడానికి ఆయనకి నాలుగు రోజులు పట్టింది. "నిలుచున్నదియే" అనేవారు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆయన కారిడార్లో నడుస్తూ తనలో తాను పాడుకోవడం విన్నాను. నన్ను చూసి ఆపేశారు. అదే వారం నా కాంట్రాక్టు కాగితం మీద, నేను అడక్కుండానే, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు.

నెలాఖరుకి సరిచూసే రోజు వచ్చింది. సన్యాసమ్మని సభామందిరంలో పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాం. పురుషోత్తం గారు ఆవిడ జముకు చంకలో పెట్టుకుని ఎదురుగా నిలబడ్డారు. లీలావతి గారి ముందు రిజిస్టరు, నా చేతిలో టిక్కు పెట్టే పెన్సిల్. ఆయన మొదలుపెట్టారు. గొంతు గొప్పదేం కాదు. కానీ మాట తప్పలేదు, రాగం పెద్దగా తప్పలేదు. అమ్మవారిని పొలిమేర దాకా తీసుకొచ్చారు. జముకు ఆపారు. ఆరో అంకె దగ్గరే తీగ మీటేశారు. ఊరుకోవడం ఆయనకి అలవాటు లేదు పాపం. కథ ముగించి, నుదుటి చెమట తుడుచుకుని, సన్యాసమ్మ వైపు చూశారు.

"ఏమ్మా, అసలుతో సరిపోయిందంటావా?" అని అడిగారు. అడిగేటప్పుడు ఆ గొంతులో సంచాలకులు ఎక్కడా లేరు.

పెద్దాయన కష్టపడ్డాడని సన్యాసమ్మకీ తెలుసు. రిజిస్టరు వైపు చూసింది, లీలావతి గారి వైపు చూసింది, నా పెన్సిల్ వైపు చూసింది.

"నేదు బాబూ" అంది. "అమ్మోరు ఎనక్కి తిరిగి సూడనేదు. మల్లీ మొదట్నుంచీ సెప్పండి."

లీలావతి గారు రిజిస్టర్లో "సరిపోయినది" అన్న గడి ఖాళీగా వదిలేశారు. డైరెక్టరు గారు జముకు సర్దుకుని మళ్లీ ఎత్తుకున్నారు.